కొత్తగా కొన్న గుఱ్ఱపు దుర్గుణములు: వాని కారణములు, చక్కఁబఱచు విధము

గుఱ్ఱమును కొనువాఁడు ఒక జంతువును మాత్రమే కొనుటలేదు. అంతకు మున్ను అది పడిన దెబ్బలను, నేర్చుకొనిన భయములను, మునుపటి యజమాని చేసిన తప్పులను గూడ కొనుచున్నాఁడు. సంతలో మేఁకపిల్లవలె నిలిచిన గుఱ్ఱము ఇంటికి వచ్చిన నాల్గవనాఁడు దాణా పెట్టఁబోయిన వానిని కఱచుట, జీను వేయఁబోఁగా తన్నుట, ఊరి పొలిమేర దాఁటక మొరాయించుట తఱచుగా జరుగునదే. అప్పుడు యజమానుఁడు మోసపోతినని దుఃఖించి కఱ్ఱ పట్టును. కఱ్ఱవలన గుఱ్ఱము మఱింత చెడును. తుదకు ఇంటిలో నొకనికి కాలో చేయియో విఱిగిన పిదప దానిని సగము వెలకు మఱియొకనికి అంటగట్టును. ఈ నష్టమును, ఈ ప్రాణభయమును తప్పించుకొను మార్గములు ఇందు వివరింపఁబడుచున్నవి.

అనంతగిరి, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతమంతయు పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016 లో సూర్యాపేట జిల్లా వేఱుపడఁగా మిర్యాలగూడ మాత్రము నల్లగొండలోనే నిలిచెను. మోటారు బండ్లు రాక మునుపు ఊరినుండి ఊరికి స్వారీ చేయుటకును, జట్కాబండికిని గుఱ్ఱము పనికివచ్చెడిది. నేఁడు పెండ్లి ఊరేగింపులకును, వేడుకకును గుఱ్ఱమును కొనువారే హెచ్చు. 2019 నాటి పశుగణనలో దేశమంతట గుఱ్ఱములును తట్టువులును కలిపి 3.4 లక్షలు మాత్రమే లెక్కకు వచ్చినవి. 2012 నాటికంటె ఇది నూటికి 45 పాళ్లకు పైగా తక్కువ. గుఱ్ఱములు తగ్గినకొలఁది వాని గుణము లెఱిఁగిన సైసులును తగ్గిరి. ఎద్దును మేపిన అనుభవముతోనే గుఱ్ఱమును మేపఁబూనుట పలు అపాయములకు మూలము. ఎద్దు నిలిచి కొమ్ము విసరును. గుఱ్ఱము తొలుత పాఱిపోఁజూచును, పాఱిపోవ వీలులేనప్పుడే తన్నును, కఱచును. ఈ భేదము తెలిసినచో సగము పని తీఱినట్లే.

1. కొనుటకు ముందు

హైదరాబాదు రాజ్యములో గుఱ్ఱముల క్రయవిక్రయములకు పేరొందినది నాందేడు జిల్లా లోహా తాలూకాలోని మాళేగాఁవు ఖండోబా జాతర. నాందేడు జిల్లా 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున నుండి, ఇప్పుడు మహారాష్ట్రలో నున్నది. మార్గశిరమాసమున జరుగు ఆ జాతరకు నేఁటికిని గుఱ్ఱములు వచ్చుచున్నవి. ఇట్టి జాతరలలో మంచి వర్తకులును గలరు, మాయగాండ్రును గలరు. మాయగాండ్ర పద్ధతులు ఎల్లదేశములలో నొక్కటే. పెంకి గుఱ్ఱమును తెల్లవాఱకమునుపే పరుగెత్తించి అలయఁజేసి సాధువుగాఁ జూపుదురు. మందకొడి గుఱ్ఱమునకు తోఁక క్రింద అల్లము పెట్టి చుఱుకుగాఁ జూపుదురు. కొందఱు మత్తుమందు నెక్కింతురు. క్రింది పెదవి వ్రేలాడుట, తల వాల్చుట, చప్పుడునకు చెవి కదల్పకుండుట, నడకలో తూలుట మత్తునకు గుఱుతులు.

కావున గుఱ్ఱమును ఒక్కమాఱు చూచి కొనరాదు. ఒకనాఁడు చూచి, మఱునాఁడు ముందుగాఁ జెప్పక మరల పోయి చూడవలెను. లాయములో నున్నప్పుడు, కట్టువిప్పునప్పుడు, జీను వేయునప్పుడు, ఒంటరిగా నడపునప్పుడు, నాలుగు కాళ్లును ఎత్తిచూపునప్పుడు అది యెట్లుండునో గమనింపవలెను. అమ్మువాని మనుష్యుఁడే మొదట స్వారి చేయవలెను. అతఁడు వెనుదీసినచో కొనువాఁడు ఎక్కరాదు.

సుడులను చూచి గుఱ్ఱమును కొను ఆచారము మన దేశమున చాలఁ బ్రాఁతది. సంస్కృతమున శాలిహోత్రాదుల పేర నున్న గ్రంథములును, తెనుఁగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణ కావ్యమును అశ్వలక్షణములను చెప్పినవే. పూర్వులు అశ్వమును ఎంత శ్రద్ధతోఁ జూచిరో వానివలన తెలియును. అయినను రోమములు తిరిగిన తీరునుబట్టి గుఱ్ఱము కఱచునో కఱవదో తెలియదు. సుడి చూచుటకు పట్టిన కాలమును పండ్లు, కన్నులు, వీఁపు, గిట్టలు చూచుటకు వినియోగించినవాఁడు మోసపోఁడు.

2. మొదటి మూఁడు వారములు

కొత్త గుఱ్ఱమును ఇతర గుఱ్ఱములతోఁ గలుపక మూఁడు వారములు వేఱుగా కట్టవలెను. దాని నీళ్లతొట్టి, తోబ్రా, ఖరారా వేఱుగా నుండవలెను. గొంతువాపు, చీముతోఁ గూడిన చీమిడి గలిగించు అంటురోగములు ఈ గడువులో బయటపడవచ్చును. ముక్కులో పుండ్లు, చర్మముపై వరుసగా గడ్డలు కనఁబడినచో గ్లాండర్సు అను రోగమేమో యని అనుమానింపవలెను. అది మనుష్యులకును సోఁకి ప్రాణము తీయఁగలది. దాఁచిపెట్టక వెంటనే పశువైద్యాధికారికి తెలుపవలసిన రోగముగా 2009 నాటి చట్టములో చేర్పఁబడినది.

గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. తోడి గుఱ్ఱములను, ఎఱిఁగిన మనిషిని, ఎఱిఁగిన లాయమును ఒక్కదినమున పోఁగొట్టుకొని వచ్చినది సకిలించుట, చెమర్చుట, మేఁత ముట్టకుండుట, కట్టుత్రాడు తెంచుకొనఁజూచుట సహజము. దీనిని పొగరని యెంచరాదు. మొదటి వారము స్వారి వలదు. ఒక్క మనుష్యుఁడే, ఒకే వేళకు, మేఁతయు నీళ్లును పెట్టుచు, మాలీసు చేయుచు, చేతితోఁ బట్టి నడిపించుచు నుండవలెను. కొంత యెడముగా మేఁకయో ఆవో కనఁబడుచున్నను దానికి ధైర్యము కలుగును.

మునుపటి యజమాని పెట్టిన మేఁత యేదో అడిగి తెలిసికొని, దానినే కొన్నాళ్లు పెట్టి, కొత్త మేఁతకు ఏడు మొదలు పదిదినములలో క్రమముగా మార్పవలెను. అకస్మాత్తుగా మార్చినచో కడుపునొప్పి వచ్చును. గుఱ్ఱమునకు కడుపునొప్పి ప్రాణాంతకము కావచ్చును.

3. దుర్గుణమా, నొప్పియా?

ఒక దృష్టాంతమును కల్పించి చెప్పవచ్చును. అనంతగిరి రైతొకఁడు ఆఱేండ్ల గుఱ్ఱమును కొనెననుకొందము. పదియవనాఁడు జీను వేయఁబోఁగా అది మెడ త్రిప్పి అతని భుజము కఱచెను. రైతు పశువైద్యుని యొద్దకుఁ బోయి, "అయ్యా, ఇది పొగరుఁబోతు గుఱ్ఱము. దీని పొగరు అణఁచు మందేదైన నిండు" అని అడిగెను.

వైద్యుఁడు, "ముందు ఇది చెప్పుము. జీను చూడఁగనే కఱచునా, వీఁపుమీఁద పెట్టఁగనే కఱచునా, పొట్టపట్టెడ బిగింపఁగాఁ గఱచునా?" అని ప్రశ్నించెను.

"పట్టెడ బిగింపఁగానే నయ్యా. ఉత్త వీఁపుపై చేయి వేసినను కొంచెము వంగును."

"అట్లయిన మందు పొగరునకుఁ గాదు, వీఁపునకు."

జీను తీసి చూడఁగా మెడమొదట, వెండ్రుకల మాటున, మానిన పుండు క్రింద లోపలి వాఁపు కనఁబడెను. మునుపటి జీను చెక్క అచ్చట నొరసికొనుచుండెను. ఆ గుఱ్ఱము భాషలో కఱచుట యనఁగా "నొప్పి" యని చెప్పుటయే. రైతు కొట్టియుండినచో నోరులేని జంతువు నిజము చెప్పినందుకు దండింపఁబడియుండెడిది.

కావున ఏ దుర్గుణము కనఁబడినను మొదట ఈ క్రింది పరీక్ష జరుపవలెను.

వీఁపు: వెన్నెముకకు ఇరుప్రక్కల వ్రేళ్లతో మెల్లగా నొక్కుచుఁ బోవలెను. ఒకచోట వీఁపు క్రుంగినను, చెవులు వెనుకకు మడచినను అచ్చట నొప్పి కలదు. పుండు మానువఱకు జీను వేయరాదు. జీను వెన్నెముకను తాఁకక ఇరుప్రక్కల కండలపై సమముగా నిలువవలెను.

నోరు: గుఱ్ఱపు దవడపండ్లు అరుగుచు పెరుగుచు నుండును. పైపండ్ల వెలుపలి అంచులును, క్రిందిపండ్ల లోపలి అంచులును వాఁడియై బుగ్గను, నాలుకను కోయును. సగము నమలిన మేఁత క్రిందఁ బడవేయుట, కళ్లెము లాగఁగానే తల విదల్చుట దీనికి గుఱుతులు. పండ్లను ఆకురాతితో అరగదీయుట పశువైద్యుని పని, ఇతరులు చేయరాదు. ముండ్ల కళ్లెమును వాడుట నోటిని పుండు చేయుటయేగాక, బరువు మోయు జంతువులనుగూర్చి 1965 లో ఏర్పడిన నియమములచే నిషిద్ధమును.

గిట్టలు: నాలుగు గిట్టలను అరచేతితోఁ దాఁకిచూడవలెను. ఒకటి వేఁడిగా నున్నచో లోపల చీమో, లాడపు మేకు తప్పుగా దిగుటయో, గిట్టవాఁపో యుండవచ్చును. కాలెత్తనీయని గుఱ్ఱము పెంకిదే కానక్కఱలేదు. మిగిలిన మూఁడు కాళ్లపై నిలుచుటకు నొప్పి గలదియుఁ గావచ్చును.

కన్నులు: ఒక ప్రక్క వస్తువులకే బెదరు గుఱ్ఱమునకు ఆ ప్రక్క కంటిచూపు చెడియుండవచ్చును. కన్ను నీరుకాఱుచు, వెలుతురు ఓర్వక, కొన్నాళ్లు మాని మరల వచ్చు వాఁపు క్రమముగా గ్రుడ్డితనము తెచ్చును.

ఆఁడుగుఱ్ఱము: వేసవిలోను, వానకాలములోను సుమారు మూఁడు వారముల కొకమాఱు ఎదకు వచ్చును, ఆ అయిదాఱు దినములు కొన్ని చిఱచిఱలాడును. తేదీలు వ్రాసికొనినచో సంగతి తెలిసిపోవును. మగగుఱ్ఱము మితిమీఱిన కయ్యములాడినచో వృషణములు తీయించుటనుగూర్చి వైద్యునితో ఆలోచింపవలెను. గుణము కుదుటఁబడుటకు కొన్ని నెలలు పట్టును, ముదిరిన అలవాట్లు కొన్ని నిలిచిపోవును.

4. మేఁత హెచ్చు, పని తక్కువ

గుఱ్ఱమును బాగుగాఁ జూడవలెనను ప్రేమతో కొందఱు ఉలవలు, సెనగలు దండిగాఁ బెట్టి, పనిలేక కట్టివేయుదురు. అది మండుచున్న పొయ్యికి మూఁత బిగించుటయే. 300 కిలోల దేశవాళి గుఱ్ఱమునకు దినమునకు అయిదాఱు కిలోల ఎండుమేఁత యుండవలెను. దాణా పనినిబట్టి మాత్రమే. దాణా నొక్కమాఱే పెట్టక రెండు మూఁడు వేళలకుఁ బంచవలెను, గుఱ్ఱపు జీర్ణకోశము చిన్నది. నీళ్లు దినమునకు 20 మొదలు 40 లీటర్ల వఱకు త్రాగును. పనిలేని దినమున దాణా తగ్గించి, మేఁత హెచ్చింపవలెను. కనీసము రెండుపూటల నడిపింపవలెను.

నాగార్జునసాగరు ఎడమకాలువకు 1967 లో నీరు వదలిన పిదప ఈ ప్రాంతమున వరి విస్తరించెను. అందుచే వరిగడ్డి కొఱఁత లేదు. కాని ఉత్త వరిగడ్డి గుఱ్ఱమునకు చాలదు. గరికయు, జొన్నచొప్పయు, ఇతర ఎండుగడ్డియుఁ గలుపవలెను. బూజు పట్టిన గడ్డి బొత్తిగాఁ బెట్టరాదు. పురుగుమందు చల్లిన మడిగట్ల పచ్చిక కోయరాదు. యూరియా కలిపి మాఁగవేసిన పశువుల గడ్డి పెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా కోళ్లదాణాను గుఱ్ఱమునకు అందనీయరాదు. అందు కోళ్ల రోగమునకై కలుపు మోనెన్సిన్ వంటి మందులు కొద్దిపాటి మోతాదులోనే గుఱ్ఱపు గుండెను చెఱచి చంపును.

5. గుఱ్ఱము చూచు తీరు

గుఱ్ఱపు కన్నులు తల ప్రక్కల నుండుటచే చుట్టుపట్ల నంతయుఁ జూడఁగలదు. కాని సరిగా వెనుకను, నుదుటికి ఎదురుగా దాపునను, ముక్కు క్రిందను ఉన్నది దానికిఁ గనఁబడదు. కావున వెనుకనుండి చప్పుడు లేక పోవువాఁడు తన్ను తినుట గుఱ్ఱపు తప్పు కాదు. భుజమువైపునుండి మెల్లగాఁ బలుకరించుచు పోవలెను.

మాసిడోనియా రాజు ఫిలిప్పునకు ఒక గుఱ్ఱమును అమ్మఁజూపఁగా, అది యెవ్వరిని దగ్గఱకు రానీయక ఎగిరితన్నెననియు, రాజు దానిని తిప్పిపంపఁబోవఁగా బాలుఁడైన అలెగ్జాండరు అది తన నీడను చూచి బెదరుచున్నదని గ్రహించి, దాని మొగమును సూర్యునివైపు త్రిప్పి ఎక్కెననియు ప్లూటార్కు వ్రాసెను. అదియే బ్యూసెఫలస్ అను ప్రసిద్ధాశ్వము. అందఱును గుణమును చూడఁగా ఆ బాలుఁడొక్కఁడు కారణమును చూచెను.

6. ఒక్కొక్క దుర్గుణము

కఱచుట: చేతితో బెల్లము, గుగ్గిళ్లు పెట్టు అలవాటు మానవలెను, పాత్రలోనే పెట్టవలెను. మాలీసు చేయునప్పుడు తలత్రాడు పొట్టిగాఁ బట్టికొనవలెను. నోరు చాఁపఁగానే త్రాడుతో తలను అవతలకుఁ ద్రిప్పి, పని కొనసాగింపవలెను. మూతిపై కొట్టినచో కఱచుట మానక, చేయి ఎత్తఁగనే తల ఎగవేయుట నేర్చును.

తన్నుట: గుఱ్ఱము వెనుకకాలు రెండు గజములకు మించి తాఁకఁగలదు. దానికి మూఁడు గజములు దూరముగానైనను, లేక ఒంటికి ఆనుకొనియైనను పోవలెను. నడిమి దూరమే ప్రాణాపాయము. కాలెత్తుటను నేర్పునప్పుడు భుజమునుండి క్రిందికి చేయి జార్చుచు, ఒక్క క్షణ మెత్తి, అది లాగుకొనకమునుపే దింపవలెను. దినదినము కాలము పెంచవలెను. పిల్లలను లాయములోనికి పోనీయరాదు.

మొరాయించుట: తెలియని త్రోవలో ఒంటరిగాఁ బోవుటకు భయపడి నిలుచు గుఱ్ఱమును నెమ్మదిగల మఱియొక గుఱ్ఱము వెంటఁ గొనిపోవలెను; లేదా చేతఁబట్టి నడిపింపవలెను. ప్రతిదినము పది బారలు హెచ్చుగాఁ బోయి, అది నెమ్మదిగా నున్నప్పుడే ఇంటికిఁ ద్రిప్పవలెను. మొరాయింపఁగనే ఇంటికిఁ ద్రిప్పినచో మొరాయించుటయే దానికి లాభమగును.

పరుగెత్తిపోవుట: రెండు వాగెలు పట్టి లాగినకొలఁది కొన్ని గుఱ్ఱములు హెచ్చుగాఁ బరుగెత్తును. విశాలమైన చేనిలో నున్నచో ఒక వాగెను మెల్లగా లాగి పెద్ద చుట్టుగాఁ ద్రిప్పి, చుట్టును క్రమముగాఁ దగ్గింపవలెను. సూర్యాపేట, కోదాడల మీఁదుగాఁ బోవు హైదరాబాదు, విజయవాడ రహదారిపై లారీల రద్దీ మిక్కుటము. కొత్త గుఱ్ఱమును ఆ దారికిఁ గొనిపోరాదు. మొదట ఊరిలోనే కట్టివేసిన ట్రాక్టరు ప్రక్కను, పిదప నడుచు ట్రాక్టరునకు దూరమునను నడిపి అలవాటు చేయవలెను. బరాత్ గుఱ్ఱమునకు బాజాలు, బాణసంచా చప్పుడు గూడ నిట్లే దూరమునుండి కొంచెము కొంచెముగా నలవాటు చేయకుండ పెండ్లికొడుకును ఎక్కింపరాదు.

ముందరికాళ్లు లేపి నిలుచుట: అన్నింటిలో నిది ప్రాణాంతకము. అప్పుడు వాగెలు లాగినచో గుఱ్ఱము వెల్లకిలఁ బడి స్వారుని నలుపును. వాగెలు వదలి, ముందునకు వంగి మెడను పట్టుకొనవలెను; కాళ్లు దింపఁగనే దిగిపోవలెను. నోరు, వీఁపు వైద్యునిచేఁ జూపించి, నేర్పరి చేతఁ బెట్టువఱకు మరల ఎక్కరాదు.

ఏ గుఱ్ఱముతోఁ బనిచేయునప్పుడును త్రాడును చేతికిఁ జుట్టుకొనరాదు. కట్టునప్పుడు లాగఁగనే ఊడు ముడి వేయవలెను. స్వారునికి తలపై గట్టి శిరస్త్రాణము, కాళ్లకు మడమ గల చెప్పులు నుండవలెను.

7. కొట్టుట వలని చేటు

గుఱ్ఱము నేర్చుకొను తీరు సులభమైనది. త్రాడు లాగితిమి, అది యొక అడుగు వేసెను, వెంటనే త్రాడు వదలవలెను. ఆ వదలుటయే దానికి బహుమానము. వేళకు వదలనివాఁడు ఎంత లాగినను నేర్పలేఁడు. తప్పుచేసిన కొంతసేపటికిఁ గొట్టినచో దేనికిఁ గొట్టిరో గుఱ్ఱమెఱుఁగదు; కొట్టినవానిని మాత్రము జ్ఞాపకముంచుకొనును. కోపముతో గుఱ్ఱము జోలికిఁ బోరాదని గ్రీకు రచయిత జెనొఫన్ క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమునందే హెచ్చరించెను. జంతువును క్రూరముగాఁ గొట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరమును.

8. అపాయ సూచనలు

సాధువైన గుఱ్ఱము అకస్మాత్తుగా కనఁబడినదెల్లఁ గఱచుచు, నీళ్లు మ్రింగలేక చొల్లు కార్చుచు, తూలుచున్నచో పిచ్చికుక్క కాటు రోగము కావచ్చును. గొంతులో ఏమో అడ్డుపడినదని నోటిలో చేయి పెట్టరాదు. దూరముగా బంధించి పశువైద్యునికి తెలుపవలెను. సంచార పశువైద్యశాలకు 1962 అను సంఖ్యతో ఫోను చేయవచ్చును. దాని చొల్లు తాఁకినవారును, కాటుపడినవారును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగికొని, ఆలస్యము లేక ఆసుపత్రికిఁ బోయి టీకా వేయించుకొనవలెను. గుఱ్ఱపు కాటునకును, తన్నుడు గాయమునకును ధనుర్వాతపు టీకా అవసరము.

9. మాననిచో

నొప్పి లేదని వైద్యుఁడు చెప్పి, మేఁతయుఁ బనియు సరిపెట్టి, మూఁడు నాలుగు నెలలు ఓర్పుతో నేర్పినను మనుష్యునిపైకి తానే వచ్చు గుఱ్ఱమును సేద్యగాని యింట ఉంచుకొనరాదు. దాని వెలకంటె బిడ్డ ప్రాణము విలువైనది. అయితే దాని గుణమును దాఁచి సంతలో నమ్ముట, తానుపడిన గుంటలోనికి మఱియొకనిని త్రోయుటయే యగును. ఆ కొనువానికిని లాయము దగ్గఱ ఆడుకొను పిల్లలుందురు. ఉన్న గుణము ఉన్నట్లు చెప్పి, అనుభవజ్ఞుఁడగు సైసునకుఁ దక్కువ వెల కిచ్చుట మేలు.

సారాంశము

రెండుమాఱులు చూచి కొనుము. మూఁడు వారములు వేఱుగాఁ గట్టుము. కఱ్ఱ పట్టకమునుపు వీఁపు, నోరు, గిట్ట, కన్ను చూడుము. పనినిబట్టి దాణా పెట్టుము. భుజమువైపునుండి పిలుచుచుఁ బొమ్ము. వేళకు త్రాడు వదలుము. కొత్త గుఱ్ఱము చేయు ప్రతి చెడుపనియు ఒక ప్రశ్నయని తలఁచి కారణము వెదకువానికి, చాలవఱకు అది మంచి గుఱ్ఱమే యగును.